మెలనేసియా నాయకులకు బహిరంగ లేఖ: వనువాటును ఒంటరిగా వదలకండి

గౌరవనీయులైన వనువాటు, ఫిజీ, పపువా న్యూగినీ, సాలమన్ దీవుల ప్రధాన మంత్రులకు. న్యూ కాలెడోనియాలోని కనక్ సోషలిస్టు జాతీయ విమోచన ఫ్రంట్ నాయకులకు,

నమస్కారం.

2023 ఆగస్టులో వనువాటు రాజధాని పోర్ట్ విలాలో మీ మెలనేసియన్ స్పియర్‌హెడ్ గ్రూప్, అంటే నైరుతి పసిఫిక్‌లోని మెలనేసియా దీవుల కూటమి, శిఖరాగ్ర సమావేశం జరిగింది. పశ్చిమ పపువా అంటే న్యూగినీ ద్వీపంలో ఇండోనేషియా ఏలుబడిలో ఉన్న పడమటి సగం. పూర్తి సభ్యత్వం కోరుతూ అక్కడి స్వాతంత్ర్యవాదుల పశ్చిమ పపువా ఐక్య విమోచన ఉద్యమం పెట్టుకున్న దరఖాస్తు ఆ రోజు మీ బల్ల మీద ఉంది. ఉన్న నిబంధనల ప్రకారం వాళ్లకు అర్హత లేదని తేల్చారు. ఏకాభిప్రాయం కుదరలేదన్నారు. ఆతిథ్యమిచ్చింది వనువాటు, అధ్యక్ష స్థానంలో కూర్చున్నదీ వనువాటే. నలభై ఏళ్లుగా పపువన్ల కోసం ప్రపంచంలో ఏ వేదిక దొరికితే ఆ వేదిక ఎక్కిన దేశం, తన సొంత రాజధానిలో, తన సొంత అధ్యక్షతలో వాళ్లకు ‘లేదు’ అనే మాట చదివి వినిపించాల్సి వచ్చింది.

ఆ నిర్ణయాన్ని మీరు మళ్లీ విచారించాలని అడగడానికే ఈ ఉత్తరం. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. 2019లో తువాలులో మీరంతా కలిసి ఇచ్చిన మాట ఇంకా అలాగే ఉంది. దాని సంగతి చివర్లో వివరంగా రాస్తాను.

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. మీ దీవులకూ మా ఊరికీ ఏం సంబంధమని మా వాళ్లే అడుగుతారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. సంబంధం ఉంది. 1879 నుంచి 1916 వరకు అరవై వేల మందికి పైగా భారతీయులను గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఫిజీ చెరకు తోటలకు తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడలెక్కించారు. ఆ ఓడల్లో విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లున్నారు. వాళ్ల మునిమనవలు ఈ రోజు ఫిజీ పౌరులు, మెలనేసియా కూటమిలో ఒక సభ్యదేశానికి ఓటర్లు. పశ్చిమ పపువా మీద ఫిజీ ఏం మాట్లాడితే అది వాళ్ల పేరు మీద కూడా మాట్లాడినట్టే. ఇంకో సంబంధం కూడా ఉంది, అది మాకు అంత గౌరవమిచ్చేది కాదు. దాన్నీ దాచకుండా చెబుతాను.

ముందు 1969 గురించి మాట్లాడుకోవాలి. మీకు కంఠతా వచ్చిన చరిత్రే. మా పాఠకుల్లో చాలామందికి తెలియదు.

న్యూగినీ ద్వీపం పడమటి సగం డచ్చివాళ్ల వలస. 1949లో ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని గుర్తించినప్పుడు ఆ సగాన్ని డచ్చివాళ్లు తమ దగ్గరే ఉంచుకున్నారు. తర్వాతి పదేళ్లలో పపువన్లను స్వపరిపాలనకు సిద్ధం చేస్తూ వచ్చారు. 1961 డిసెంబరు 1న పపువన్ల వేగుచుక్క జెండా మొదటిసారి డచ్చి జెండా పక్కన ఎగిరింది. మూడు వారాలు కూడా గడవకముందే ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో సైన్యాన్ని సమాయత్తం చేయమని ఆదేశించారు. ప్రచ్ఛన్న యుద్ధం ముమ్మరంగా ఉన్న రోజులవి. ఇండోనేషియా సోవియట్ల వైపు జారిపోకూడదన్నది అమెరికా బెంగ. అమెరికా దౌత్యవేత్త ఎల్స్‌వర్త్ బంకర్ మధ్యవర్తిగా నిలిచి 1962 ఆగస్టు 15న న్యూయార్క్ ఒప్పందం కుదిర్చారు. సంతకాలు డచ్చివాళ్లవీ ఇండోనేషియావీ. ఎవరి నేల గురించి ఒప్పందమో ఆ పపువన్ల సంతకం దాని మీద లేదు.

ఆ ఒప్పందంలో పపువన్ల కోసం ఒక్క హామీ మిగిలింది. 1969 ముగిసేలోగా ఇండోనేషియాలో ఉంటారో లేదో వాళ్లే తేల్చుకోవాలి, వయోజనులైన స్త్రీపురుషులందరికీ అందులో పాల్గొనే హక్కుండాలి, అంతర్జాతీయ పద్ధతి ప్రకారం జరగాలి. జరిగిందేమిటి? దాదాపు ఎనిమిది లక్షల జనాభాలోంచి 1,025 మందిని ఎంపిక చేశారు. 1969 జులై, ఆగస్టు నెలల్లో ఎనిమిది చోట్ల సభలు పెట్టి, సైన్యం పహారాలో వాళ్ల చేత అవుననిపించారు. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. రహస్య బ్యాలెట్ లేదు. అక్కడున్న ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఓర్టిజ్ సాన్జ్ తన నివేదికలో, ఇది ఇండోనేషియా పద్ధతి ప్రకారం జరిగిందని రాశారు. ఒప్పందం అడిగిన పద్ధతి అది కాదని ఆయనకూ తెలుసు. ఆ నవంబరులో సమితి సర్వప్రతినిధి సభలో ఘనా, మరికొన్ని ఆఫ్రికా దేశాలు 1975లోగా ఇంకో అవకాశం ఇవ్వాలని అడిగాయి. ఎవరూ వినలేదు. 84 దేశాలు సరేనన్నాయి, 30 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. 1980లో పుట్టిన వనువాటుకు ఆ రోజు ఆ సభలో కుర్చీ లేదు.

ఓటుకు రెండేళ్ల ముందే, 1967లో, అక్కడి కొండల్లో రాగి, బంగారం తవ్వుకోవడానికి అమెరికా కంపెనీ ఫ్రీపోర్ట్‌తో ఇండోనేషియాలోని సుహార్తో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. నేల ఎవరిదో అధికారికంగా తేలకముందే నేల కింద సరుకు ఎవరిదో రాసుకున్నారు. గ్రాస్‌బర్గ్ గని ఆ తర్వాత ప్రపంచంలోనే అతి పెద్ద బంగారు గనుల్లో ఒకటైంది.

ఇక నేను చెబుతానన్న రెండో సంబంధం. 1962లో ఆ నేల మీద కాల్పుల విరమణను పర్యవేక్షించిన ఐక్యరాజ్యసమితి సైనిక పరిశీలకులను నడిపింది భారత సైన్యాధికారి ఇందర్ జిత్ రిఖీ. సమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ దగ్గర ఆ రోజుల్లో ఉన్నతాధికారి సి.వి. నరసింహన్, మద్రాసు నుంచి వెళ్లిన ఐసీఎస్ అధికారి. 1969 వ్యవహారం ఆయన కళ్ల ముందే నడిచింది. పదవీ విరమణ తర్వాత చాలా ఏళ్లకు, 2001లో, ఒక వార్తా సంస్థతో ఆయన మనసు విప్పారు. అదంతా మసిపూసి మారేడుకాయ చేసిన పనేననీ, ఆ సమస్యను ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిదన్న ధోరణే అప్పుడు సమితిలో ఉందనీ ఒప్పుకున్నారు. లోపల కూర్చుని చూసిన మనిషి చెప్పిన మాట అది. మా వైపు మనిషి ఒకరు ముప్పై ఏళ్ల తర్వాతైనా నిజం చెప్పినందుకు సంతోషించాలో, ముప్పై ఏళ్లు ఆగినందుకు బాధపడాలో నాకు తెలియడం లేదు. కానీ ఆ సాక్ష్యం విన్నాక 1969తో ఈ కథ ముగిసిందని మాత్రం అనలేను.

ఇప్పుడు వనువాటు గురించి రాస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఈ దేశం చేసిన పని విలువ మా పత్రికల్లో ఎక్కడా నాకు కనబడలేదు.

ఎనభైకి పైగా దీవులు, మూడు లక్షల జనం. మా విశాఖ నగరంలో నాలుగో వంతు కూడా కాదు. నూరుకు మించిన భాషలు. 1906 నుంచి బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఏలాయి: రెండు పోలీసు దళాలు, రెండు చట్టాలు, రెండు రకాల బడులు. సొంత ఊళ్లోనే జనం ఏ దేశపు పౌరులూ కాకుండా బతికారు. 1980 జులై 30న స్వతంత్రం వచ్చే వేళకు ఎస్పిరితు శాంతో దీవి తిరుగుబాటులో ఉంది. ఆంగ్లికన్ మతాచార్యుడైన మొదటి ప్రధాని వాల్టర్ లీనీ సాయం అడిగితే పపువా న్యూగినీ తన సైనికులను పంపి నిలబెట్టింది. పొరుగు మెలనేసియా దేశం చేయి అందించకపోతే ఏమయ్యేదో పుట్టిన నెలలోనే వనువాటుకు తెలిసొచ్చింది. మెలనేసియా అంతా విముక్తం కానంతవరకు మన స్వాతంత్ర్యం సంపూర్ణం కాదని లీనీ పదేపదే చెప్పేవారు. ఆయన దాన్ని ఉపన్యాసంతో సరిపెట్టలేదు. 1983లో అలీనోద్యమంలో చేరారు. అణు నౌకలను రానివ్వలేదు. ఇండోనేషియా ఆక్రమించుకున్న తూర్పు తిమోర్ పేరు ఎత్తడానికి పెద్ద దేశాలన్నీ వెనకాడుతున్న రోజుల్లో తిమోర్ ప్రతినిధుల పక్కన నిలబడ్డారు. 1999లో తిమోర్ ప్రజలు ఓటేసినప్పుడు నూటికి 78 మందికి పైగా స్వాతంత్ర్యమే కోరారు. 2002లో ఆ దేశం పుట్టింది. అప్పటికి లీనీ లేరు.

న్యూ కాలెడోనియా విషయంలోనూ అంతే. 1986లో సర్వప్రతినిధి సభలో 89 దేశాల ఓటుతో, ఫ్రాన్స్ ఏలుబడిలోని ఆ దీవి స్వపరిపాలన లేని ప్రాంతాల జాబితాకు మళ్లీ ఎక్కింది. ఫ్రాన్స్ లాంటి దేశాన్ని ఎదిరించి పసిఫిక్ చిన్న దేశాలు గెలిచిన ఓటు అది. అదే ఏడాది గొరోకాలో పపువా న్యూగినీ, సాలమన్ దీవులు, వనువాటు నాయకులు కూర్చుని మీ కూటమికి పునాది వేశారు. 1988లో పోర్ట్ విలాలో దానికి రాతపూర్వక రూపమిచ్చారు. అక్కడి మూలవాసులైన కనక్ ప్రజల స్వాతంత్ర్యానికి బాసటగా నిలవడం ఆ పునాదిలో ఉన్న రాయి. అందుకే రాజ్యం కాని ఒక ఉద్యమానికి, కనక్ ఫ్రంటుకు, మీ మధ్య పూర్తి సభ్యత్వం ఉంది. మరి పపువన్ల దగ్గరికి వచ్చేసరికి అర్హత ఎందుకు లేకుండా పోయింది? ఒకరి మీద ఏలుబడి పారిస్‌ది, ఇంకొకరి మీద జకార్తాది అన్నది తప్ప నాకు ఇంకో తేడా కనబడలేదు.

వనువాటులో ప్రభుత్వాలు నిలవవు. అవిశ్వాస తీర్మానాలు అక్కడ మామూలే. పార్టీ ఫిరాయింపులకు అడ్డుకట్ట వేయడానికి 2024లో ఏకంగా ప్రజాభిప్రాయ సేకరణే పెట్టుకున్నారు. కొన్ని ప్రభుత్వాలు జకార్తా వైపు మొగ్గిన రోజులూ ఉన్నాయి. అయినా పశ్చిమ పపువా మాట ఆ దేశపు రాజకీయంలోంచి చెరిగిపోలేదు. 2010లో పార్లమెంటు తీర్మానం చేసింది. 2014 మార్చిలో ప్రధాని మోవానా కార్కసెస్ జెనీవాలో మానవ హక్కుల మండలి ముందు పపువా పేరు పలికారు. ఆ డిసెంబరులో వనువాటు, ఒకరితో ఒకరికి పొసగని మూడు పపువా సంస్థలను పోర్ట్ విలాకు పిలిచి కూర్చోబెట్టి ఒక్క గొడుగు కిందికి తెచ్చింది. ఈ కూటమి తలుపు తట్టిన ఐక్య ఉద్యమం పుట్టింది అక్కడే. దౌత్యమంటే నాకు తెలిసినంతలో అదే గొప్ప పని. డబ్బు పెట్టలేదు, తుపాకులు ఇవ్వలేదు. విడిపోయి ఉన్నంతకాలం మీ మాట ఎవరూ వినరని చెప్పి, కలిసే దాకా చోటిచ్చింది.

2019 జనవరిలో పపువా నాయకుడు బెన్నీ వెండాను వనువాటు తన ప్రతినిధి బృందంలో చేర్చుకుని జెనీవా తీసుకెళ్లింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ మిషెల్ బాచెలెట్ చేతికి 18 లక్షల సంతకాల అర్జీ చేరింది. అంతకు రెండేళ్ల ముందు అలాంటి అర్జీనే సమితి వలస విముక్తి కమిటీ, తన పరిధిలో లేదని, తీసుకోనంది. 2020 సెప్టెంబరులో ప్రధాని బాబ్ లాఫ్‌మన్ సర్వప్రతినిధి సభలో మళ్లీ పపువా మాటెత్తితే, వనువాటుకు ఇండోనేషియా వ్యవహారాల మీద మితిమీరిన, అనారోగ్యకరమైన యావ ఉందని ఆ దేశపు ప్రతినిధి జవాబిచ్చారు. ఆ వెంటనే వనువాటు పర్యాటక శాఖ సామాజిక మాధ్యమాల పేజీల మీద నల్లజాతిని కించపరిచే తిట్లు వెల్లువెత్తాయి. 28 కోట్ల దేశం ముందు మూడు లక్షల దేశం నిలబడి మాట్లాడితే పడే వెల అది. తుఫాన్లు ఎప్పుడూ పొంచి ఉండే దేశం, 2024 డిసెంబరు భూకంపంలో రాజధానే దెబ్బతిన్న దేశం, సాయం కోసం పదిమందినీ అడగాల్సిన దేశం. నోరు మూసుకుని ఉంటే నాలుగు రోడ్లు, రెండు భవనాలు వచ్చేవి. మూసుకోలేదు.

జకార్తా వాదన ఏమిటో తెలియకుండా నేనిది రాయడం లేదు. ఇండోనేషియా వలస పాలన మీద పోరాడి గెలిచిన దేశం. 1947లో డచ్చివాళ్ల దిగ్బంధం మధ్య నుంచి ఆ దేశ నాయకుడు సుతాన్ షరీర్‌ను విమానంలో బయటికి తెచ్చింది మా బిజూ పట్నాయక్. 1955లో ఆసియా, ఆఫ్రికా దేశాల బాండుంగ్ సదస్సు తుది ప్రకటన పశ్చిమ ఇరియన్ (పశ్చిమ పపువాకు ఇండోనేషియా వాడిన పేరు) విషయంలో ఇండోనేషియా వాదననే సమర్థించింది, మా నెహ్రూ ఆ సదస్సులో ఉన్నారు. డచ్చివాళ్ల తూర్పు ఇండీస్ అంతా ఒకే దేశం కావాలన్న వాదనకు ఆ రోజుల్లో బలముంది. పాత వలస సరిహద్దులు కదిపితే ఆసియా, ఆఫ్రికాల్లో సగం దేశాలు కదులుతాయన్న భయం ఉత్తుత్తిది కాదు, ఆ భయం మా దేశానికీ ఉంది. కానీ ఇండోనేషియా వాదన అంత బలమైనదైతే 1969లో అందరి చేతికీ బ్యాలెట్ ఇవ్వడానికి ఎందుకు జంకింది? ప్రజలను అడుగుతామని సంతకం పెట్టి, అడగకుండా తప్పించుకోవడాన్ని బాండుంగ్ స్ఫూర్తి కప్పిపుచ్చలేదు. వలస పాలన నుంచి తెగించి బయటపడిన దేశం మీద ఆ బాధ్యత మరింత ఉంటుంది.

రోడ్లు వేశాం, 2001లో ప్రత్యేక స్వయంప్రతిపత్తి ఇచ్చాం, నిధులిస్తున్నాం అని కూడా జకార్తా అంటుంది. రోడ్లు వేసిన మాట నిజం. 2021లో ఆ చట్టాన్ని సవరించి, 2022లో పాత రెండు ప్రావిన్సులను ఆరుగా చీల్చినప్పుడు, పపువన్ల ప్రతినిధి సభ ఒప్పుకోకపోయినా చీల్చవచ్చన్నదీ నిజం. 2004లో వేగుచుక్క జెండా ఎగరేసినందుకు ఫిలెప్ కర్మ అనే ప్రభుత్వోద్యోగికి పదిహేనేళ్ల జైలు వేసిందీ నిజం. 2019 ఆగస్టులో జావా దీవిలోని సురబయ నగరంలో పపువా విద్యార్థుల వసతిగృహం ముందు గుమిగూడి వాళ్లను కోతులని తిడితే, పపువా అంతటా జనం వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది. అలా ఆపడం చట్టవిరుద్ధమని మరుసటి ఏడాది జకార్తాలోని పాలనా న్యాయస్థానమే తీర్పిచ్చింది. ఆ తీర్పిచ్చిన న్యాయమూర్తులూ ఇండోనేషియన్లే. పపువన్ల పక్షాన వాదించే లాయర్లు, పాస్టర్లు, విద్యార్థులు ఆ దేశంలోనే ఉన్నారు. వాళ్లకు బయటి నుంచి బలం అందాలి.

హింస రెండు వైపులా ఉంది. 2018 డిసెంబరులో పపువాలోని న్దుగా అనే చోట రోడ్డు పనికి వచ్చిన కూలీలను సాయుధ పపువన్లు చంపారు. కూలి కోసం వచ్చిన వాళ్లను చంపడాన్ని ఏ విముక్తి పేరుతోనూ నేను సమర్థించలేను. న్యూజీలాండ్ పైలట్‌ను ఏడాదిన్నరకు పైగా బందీగా ఉంచుకున్నారు. మరోవైపు, 2018 నుంచి సైనిక చర్యలకు ఊళ్లు విడిచిపోయిన వాళ్లు అరవై వేల నుంచి లక్ష మంది ఉంటారని 2022 మార్చిలో ఐక్యరాజ్యసమితి నిపుణులు చెప్పారు. విదేశీ పత్రికా విలేకరులకు అక్కడికి స్వేచ్ఛగా ప్రవేశం లేదు. ఇంత జరుగుతున్నా లోపలికి వెళ్లి చూసి చెప్పే తటస్థమైన కళ్లు లేవు. నేను అడగబోయేది వాటి గురించే.

పపువా న్యూగినీ ప్రధాని గారూ, మీ ఇబ్బంది అర్థమవుతుంది. ఏడెనిమిది వందల కిలోమీటర్ల సరిహద్దు మీది. 1984లో పదివేల మందికి పైగా పపువన్లు ఆ గీత దాటి మీ వైపు వచ్చారు, మీరే చోటిచ్చారు. గీతకు అవతల ఎవరున్నారో మీ సరిహద్దు ఊళ్ల వాళ్లకు మీకన్నా బాగా తెలుసు, బంధువులే కదా. కానీ విడిపోతామన్న ప్రాంతంతో ఎలా మాట్లాడాలో ఈ మొత్తం కూటమికి నేర్పగల దేశం కూడా మీదే. మీ బోగన్‌విల్ దీవిలో గని దగ్గర మొదలైన యుద్ధం పదేళ్లు సాగింది, వేల ప్రాణాలు పోయాయి. 1997లో న్యూజీలాండ్‌లోని బర్న్‌హామ్ సైనిక శిబిరంలో చర్చలు జరిగాయి. ఆ తర్వాత విరమణను కాపాడటానికి న్యూజీలాండ్, ఆస్ట్రేలియాలతో పాటు ఫిజీ, వనువాటు కూడా మనుషులను పంపాయి. చేతిలో ఆయుధం లేకుండా ఊరూరా తిరిగారు. 2001లో శాంతి ఒప్పందం, 2019లో ప్రజాభిప్రాయ సేకరణ. నూటికి 98 మంది దాకా స్వాతంత్ర్యం కోరారు. ఆ తీర్పు ఎలా అమలవుతుందన్నది మీ మధ్య ఇంకా నలుగుతూనే ఉంది, ఆ ఆలస్యం బోగన్‌విల్ వాళ్లకు కష్టంగానే ఉంది. అయినా మీరు అడిగారు. ప్రతి వయోజనుడి చేతికీ బ్యాలెట్ ఇచ్చారు. అడిగినందుకు దేశం కూలిపోలేదు. జకార్తాతో ఈ మాట చెప్పగల అర్హత మీకున్నంతగా ప్రపంచంలో ఇంకెవరికీ లేదు.

ఫిజీ ప్రధాని గారూ, 1987లో భారత సంతతి వాళ్ల మద్దతుతో ఏర్పడిన ప్రభుత్వాన్ని సైనిక బలంతో కూల్చిన సితివేని రంబుకా, 2023 మే నెలలో ప్రధాని హోదాలో గిర్మిటియాల వారసుల ముందు నిలబడి క్షమాపణ అడిగారు. మా మద్రాసు ఓడల మనుషుల మనవలు అది విన్నారు. ముప్పై ఆరేళ్ల నాటి తప్పును తప్పని చెప్పడం ఒక నాయకుడికి సాధ్యమేనని ఆ రోజు తేలింది. అదే ఏడాది ఫిబ్రవరిలో బెన్నీ వెండాను కలిసి, వాళ్లూ మెలనేసియన్లే కాబట్టి సభ్యత్వానికి మద్దతిస్తామని చెప్పిందీ ఆయనే. ఆగస్టు వచ్చేసరికి ఆ గొంతు తగ్గింది. పపువన్లకు ఇచ్చిన ఆ మొదటి మాట మీద నిలబడమని ఫిజీలోని తెలుగు కుటుంబాలు మిమ్మల్ని అడగాలని నేను వాళ్లనూ కోరుతున్నాను.

సాలమన్ దీవుల ప్రధాని గారూ, 2015లో మీ రాజధాని హొనియారాలోనే పపువా ఐక్య ఉద్యమానికి పరిశీలక హోదా ఇచ్చారు. 2016లో సర్వప్రతినిధి సభలో పపువా గురించి మాట్లాడిన ఏడు పసిఫిక్ దేశాల్లో మీదీ ఒకటి. తర్వాత ఆ గొంతు వినబడలేదు.

కనక్ నాయకులారా, 2021 డిసెంబరులో, కోవిడ్ మరణాల దుఃఖంలో ఉన్నాం, వాయిదా వేయండని మీరు ఎంత వేడుకున్నా మీ స్వాతంత్ర్యం మీద ఫ్రాన్స్ మూడో ఓటు జరిపించింది. మీ వాళ్లు బహిష్కరించారు. నూటికి 96 మంది వద్దన్నారని ఫలితం ప్రకటించారు. ఎవరి భవిష్యత్తు గురించి ఓటో వాళ్లు లేకుండా ఓటు జరిగితే దాని విలువెంతో మీకు ఎవరూ వివరించక్కర్లేదు. 1,025 మంది కథ మీ కథకు ఎంత దగ్గరో చూడండి.

ఇక నేను అడిగేది.

2019 ఆగస్టులో తువాలులోని ఫునాఫుతిలో పసిఫిక్ దీవుల వేదిక సమావేశమైంది. మీ నాలుగు దేశాలూ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ పశ్చిమ పపువా పర్యటన తేదీలను ఇండోనేషియా, హైకమిషనర్ కార్యాలయం ఖరారు చేసుకోవాలని, ఆధారాలతో కూడిన నివేదిక 2020 సమావేశంలోగా రావాలని తీర్మానించారు. 2018లోనే అప్పటి హైకమిషనర్ జైద్‌ను రమ్మని ఇండోనేషియా స్వయంగా పిలిచింది కూడా. జైద్ వెళ్లలేదు, బాచెలెట్ వెళ్లలేదు. 2023లో పోర్ట్ విలాలోనూ అదే పర్యటన మాట మీ ప్రకటనలోకి ఎక్కింది. ఫిజీ, పపువా న్యూగినీ ప్రధానులు రంబుకా, మరాపేలను జకార్తాతో మాట్లాడే ప్రత్యేక దూతలుగా కూడా నియమించారు. తేదీ మాత్రం రాలేదు.

ఇండోనేషియాకు మీ కూటమిలో 2011 నుంచి పరిశీలక హోదా, 2015 నుంచి అనుబంధ సభ్యత్వం ఉన్నాయి. తమ దేశంలోనూ మెలనేసియన్లు ఉన్నారన్నదే ఆ హోదాకు వాళ్లు చూపిన ఆధారం. ఆ ప్రజల పేరు మీద కుర్చీ తీసుకున్న వాళ్లను, ఆ ప్రజలు ఎలా ఉన్నారో చూడనివ్వమని అడిగే హక్కు మీకుంది. ఏకాభిప్రాయం మీ సంప్రదాయం, దాన్ని వదులుకోమని అనను. కానీ అనుబంధ సభ్యుడికి ఆ ఏకాభిప్రాయంలో ఓటు లేదు. జకార్తా నొచ్చుకుంటుందేమోనని మీలో ఒకరిద్దరు మౌనంగా ఉండిపోతే, లేని ఓటు వాళ్లకు మీరే ఇచ్చినట్టవుతుంది.

అందుకని ఒక గడువు పెట్టండి. మీ తదుపరి శిఖరాగ్ర సమావేశంలోగా హైకమిషనర్ కార్యాలయం ప్రతినిధులు పపువా ఆరు ప్రావిన్సుల్లోనూ, కొండ ప్రాంతపు నిర్వాసితుల శిబిరాలతో సహా, సైన్యం వెంట లేకుండా తిరిగి రావాలి. అది జరగకపోతే ఇండోనేషియా అనుబంధ సభ్యత్వాన్ని అది జరిగే వరకు నిలిపివేస్తామని లిఖితపూర్వకంగా చెప్పండి. పపువా సాయుధ వర్గాలకూ అదే ఉత్తరంలో చెప్పండి: ఆ పర్యటన కాలంలో కాల్పులు ఆగాలి, పౌరుల జోలికి పోకూడదు. వాళ్ల మీద ఐక్య ఉద్యమానికి ఎంత పట్టుందో అప్పుడు తెలుస్తుంది. సభ్యత్వం అడిగేవాళ్లకు అది న్యాయమైన పరీక్షే.

సభ్యత్వ నిబంధనలను కూడా తిరగరాయండి. కనక్ ఫ్రంటుకు తెరిచిన తలుపు పపువన్లకు ఏ కొలతతో మూసుకుపోయిందో ఎవరు చదివినా అర్థమయ్యేలా రాయండి. అలా రాయలేకపోతే ఆ కొలతలోనే తప్పుందని ఒప్పుకుని మార్చండి.

ఆ పర్యటన కూడా జరగనివ్వకపోతే అంతర్జాతీయ న్యాయస్థానం ఉంది. చిన్న దేశాలకు ఆ దారి కొత్తేమీ కాదు. బ్రిటన్ తన దగ్గరే ఉంచుకున్న చాగోస్ దీవుల కోసం మారిషస్ సర్వప్రతినిధి సభ ద్వారా ఆ న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తే, వలస విముక్తి చట్టబద్ధంగా పూర్తి కాలేదని 2019 ఫిబ్రవరిలో అభిప్రాయం వచ్చింది. ఆ ప్రశ్నను పంపాలని ఓటేసిన వాటిలో భారత్ ఉంది. వాతావరణ మార్పుల మీద వనువాటు ఏం చేసిందో ప్రపంచమంతా చూసింది. దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం వనువాటు ప్రాంగణంలో న్యాయశాస్త్రం చదివే పిల్లల ఆలోచన 2023 మార్చిలో సర్వప్రతినిధి సభ ఏకగ్రీవ తీర్మానమైంది, 2025 జులై 23న న్యాయస్థానం అభిప్రాయంగా వెలువడింది. వందకు పైగా దేశాలను వెంట నడిపించుకోవడం వనువాటుకు తెలుసు. 1962 ఒప్పందం ఇచ్చిన హామీ 1969లో నెరవేరిందా అన్న ప్రశ్నను అదే న్యాయస్థానానికి పంపాలన్న ఆలోచన వనువాటుకు 2010 నుంచీ ఉంది. ఈసారి మీ నలుగురూ తొలి వరుసలో సంతకం చేస్తే సర్వప్రతినిధి సభలో లెక్క మారుతుంది. 1969లో ఘనా పలికిన మాటకు వారసులు ఆఫ్రికాలో ఉన్నారు, తూర్పు తిమోర్ ఇప్పుడు ఆగ్నేయాసియా దేశాల కూటమిలోనే ఉంది.

మా విదేశాంగ శాఖకు కూడా ఈ లేఖ ప్రతి పంపుతున్నాను. రిఖీ, నరసింహన్‌ల దేశంగా, చాగోస్ విషయంలో ఓటేసిన దేశంగా భారత్ ఈ ప్రశ్నకు అడ్డు నిలవకూడదన్నది మా దేశంలో మేం అడగాల్సిన సంగతి, మేం అడుగుతాం. ముందుగా మీ తదుపరి సమావేశపు ఎజెండాలో పపువా పర్యటనను మొదటి అంశంగా పెట్టి, దాని పక్కన ఒక తేదీ వేయండి.

గౌరవంతో,
విశాఖపట్నం నుంచి
ఒక తెలుగు పౌరుడు